మన మగ్గాల పటం: తక్కువ ఖర్చులో ఏ సాఫ్టువేరు ఎంచుకోవలెను?



సంఘానికి పటం ఎందుకు, మగ్గానికి నూలు కావాలి గాని నక్షా ఎందుకు అని గత మహాసభలో కొందరు పెద్దలు అడిగినారు. అడగటం న్యాయమే. మూడేళ్ళ క్రితం నేనూ అదే మాట అనేవాడిని. అప్పటినుండి ఇప్పటివరకు మేము పడిన తిప్పలు, నేర్చుకున్న సంగతులు వ్రాస్తే ఇతర సంఘాలవారికి డబ్బు, కాలం మిగులుతాయని ఈ వ్యాసం వ్రాస్తున్నాను. నేను మెట్రిక్ చదివినవాడిని, ఇంజనీరును కాను. చేసి చూసిన పనినే చెబుతాను.

2022 సెప్టెంబరు మొదటి వారంలో బెంగళూరులో కురిసిన వానలు ఎవరూ మరువలేదు. పత్రికలలో పెద్ద పెద్ద బంగళాలు, మోటారు కార్లు నీటిలో తేలిన బొమ్మలు వచ్చినవి. నగరం అంచున చెరువు దిగువ వీధులలో ఉన్న మన గుంట మగ్గాల బొమ్మ ఎక్కడా రాలేదు. గుంట మగ్గం సంగతి మీకు తెలిసినదే. నీళ్ళు గడప దాటితే మొదట చేరేది గుంటలోకే. పడుగు తడిసి, అచ్చు తుప్పు పట్టి, పావుళ్ళు ఉబ్బిపోయి, ఒక్కొక్క ఇంటికి నెల రోజుల పని పోయినది. సంఘం తరఫున నష్టపరిహారానికి దరఖాస్తు పెట్టినాము. పేర్లు, ఇంటి నంబర్లు, మగ్గాల సంఖ్య అన్నీ జాబితాగా జతచేసినాము. అది తిరిగి వచ్చినది. ఈ ఇండ్లు ఎక్కడ ఉన్నవి, కాలువకు ఎంత దూరంలో ఉన్నవి, పటం జతచేయలేదు అని కారణం. మన వీధులలో ఒకే ఇంటికి పాత నంబరొకటి, కొత్త నంబరొకటి, మునిసిపాలిటీవారు గోడమీద వ్రాసిపోయిన నంబరొకటి. జాబితా చూసి కొత్తవాడెవడూ ఆ ఇల్లు పట్టుకోలేడు. తప్పు మాదేనని అప్పుడు తెలిసినది.

పటం గీసి ఇచ్చేవారిని ఒకరిని విచారిస్తే, ఆయన చెప్పిన ధర మా సంఘం భవనానికి ఆరు నెలల అద్దె. పైగా ప్రతి సంవత్సరం అందులో సగం కట్టవలెనన్నారు. అక్కడనుండే మా వెదకులాట మొదలైనది.

ముందు ఈ సాఫ్టువేరు చేసే పని ఏమిటో చూద్దాం. జాకార్డు డిజైను గీసే గ్రాఫు కాగితం మనకు కొత్త కాదు. అడ్డగడి ఎన్నవది, నిలువుగడి ఎన్నవది అని రెండు అంకెలు చెబితే పువ్వు ఎక్కడ పడవలెనో అట్టలు కొట్టేవాడికి తెలుస్తుంది. భూమిమీద కూడా అటువంటి గళ్ళే ఉన్నవి. వాటిని అక్షాంశం, రేఖాంశం అంటారు. బెంగళూరు నడిబొడ్డు అక్షాంశం సుమారు 12.97, రేఖాంశం సుమారు 77.59. మీ చేతిలోని ఫోను ఆకాశంలోని ఉపగ్రహాల సంకేతాలు అందుకొని ఈ రెండు అంకెలు చెబుతుంది. ఆ అంకెల ప్రక్కన ‘గుంట మగ్గం, పట్టు, పనిలో ఉన్నది’ అని మనం వ్రాసుకుంటాము. ఈ పట్టికను తీసుకొని కాగితంమీద చుక్కలుగా పెట్టి, రంగులు వేసి, లెక్కలు కట్టి ఇచ్చేదే పటం సాఫ్టువేరు. మగ్గాలు చుక్కలు, వీధులు, కాలువలు గీతలు, చెరువు, పేట, ఊరు హద్దులు గడులు. ఒక్కొక్కటి విడి విడి పారదర్శక కాగితాలమీద గీసి, ఒకదానిపై ఒకటి పరచినట్లు ఉంటుంది. కావలసిన కాగితం ఉంచవచ్చును, వద్దన్నది తీసివేయవచ్చును.

ఈ విద్యకు బెంగళూరుతో పాత సంబంధమే ఉన్నది. 1800 సంవత్సరంలో లాంబ్టన్ అనే దొర నూరడుగుల ఉక్కు గొలుసుతో ఈ ఊరి దగ్గర ఏడు మైళ్ళకు పైబడిన ఒక సరళరేఖను కొలిపించినాడు. రెండేళ్ళ తరువాత, 1802లో, మద్రాసు సెయింట్ థామస్ మౌంటు దగ్గర మొదలైన మహా త్రికోణమితి సర్వేకు ఇది ముందడుగు. ఆ ఒక్క గీత కొలవటానికి వారికి కొన్ని వారాలు పట్టినది. ఇప్పుడు మన ఇంటి పిల్లలు ఫోను పట్టుకొని నడిచిపోతే గీత పడుతున్నది.

ఇక సాఫ్టువేర్ల సంగతి. ఏది మంచిది అని అడిగేముందు మనకేమి కావలెనో తేల్చుకోవలెను. పంచె నేయటానికి జాకార్డు ఎక్కించము గదా.

నలభై యాభై మగ్గాలు, ఒకే పేట, ఎవరి ఇల్లు ఎక్కడో చూపిస్తే చాలు అనుకొనే సంఘానికి గూగుల్ మై మ్యాప్స్ సరిపోతుంది. పైసా ఖర్చు లేదు. కంప్యూటరులో జాబితా తయారుచేసి ఎక్కిస్తే చుక్కలు పడతాయి. ఒక పటంలో పది పొరలు, ఒక పొరకు రెండువేల వరుసలు అని పరిమితి ఉన్నది. చిన్న సంఘానికి అది అడ్డు కాదు. అసలు అడ్డు వేరే ఉన్నది. ఎవరికి చూపించవలెనో నిర్ణయించే చోట ఒక్క మీట తప్పుగా నొక్కితే, సభ్యుల పేర్లు, ఫోను నంబర్లు లోకమంతటికి కనబడతాయి. ఆధార్ నంబరు, బ్యాంకు ఖాతా వంటివి ఏ పటంలోనూ పెట్టకూడదు. వ్యక్తుల వివరాల రక్షణకు 2023లో చట్టం కూడా వచ్చినది. పటంలో సభ్యత్వ నంబరు ఒక్కటి ఉంచండి. తక్కిన వివరాలు సంఘం రిజిస్టరులో ఉండవలెను.

గూగుల్ ఎర్త్ ప్రో మరొకటి. 2015 జనవరి వరకు దీనికి ఏడాదికి 399 డాలర్లు వసూలుచేసేవారు, ఆ తరువాత ఉచితం చేసినారు. దీనిలో మనకు పనికివచ్చే గొప్ప గుణం ఒకటి ఉన్నది. అదే చోటు పాత సంవత్సరాలలో ఆకాశంనుండి ఎట్లా కనబడినదో చూపిస్తుంది. మా చెరువు దిగువ కాలువ ఒకప్పుడు ఎంత వెడల్పు, ఇప్పుడు ఎంత సన్నబడినదో అందులో చూసి అందరం నోళ్ళు తెరిచినాము. కాని ఏ మగ్గం కాలువకు ఎన్ని మీటర్ల లోపల ఉన్నది అని వందల మగ్గాలకు ఒకేసారి లెక్క కట్టాలంటే దీనితో కాదు.

ఆ పనికి మేము చివరకు పట్టుకున్నది క్యూజీఐఎస్. 2002లో గ్యారీ షెర్మన్ అనే ఆయన అమెరికాలోని అలాస్కాలో మొదలుపెట్టినాడు. తరువాత అనేక దేశాలవారు కలిసి పెంచినారు. మన సహకార సంఘం పద్ధతి వంటిదే అనుకోండి, ఒకరి సొత్తు కాదు. ఎన్ని కంప్యూటర్లలో పెట్టుకున్నా రుసుము లేదు, ఏటేటా చందా లేదు. విండోసులోనూ, లినక్సులోనూ నడుస్తుంది. తెలుగు, కన్నడ అక్షరాలలో వీధుల పేర్లు వ్రాసుకోవచ్చును.

పెద్ద కార్యాలయాలలో వాడే ఆర్క్ జీఐఎస్ అనేదీ ఉన్నది. 1969లో కాలిఫోర్నియాలో స్థాపించిన ఎస్రీ కంపెనీవారిది. మంచి సరుకే, కాదనను. దానికి చందా కట్టవలెను. మన వంటి సంఘం చేసే పనిలో దానితో మాత్రమే అయ్యేది ఒక్కటీ నాకు తగలలేదు. క్యూజీఐఎస్‌లో చేసిన ఫైళ్ళు అందులో తెరుచుకుంటాయి కనుక, కార్యాలయంవారు అది వాడుతున్నారని మనం కొననక్కరలేదు.

ఉచితం అన్నంతమాత్రాన ఖర్చు లేదనుకోకండి. మనిషి కాలమే ఖర్చు. మా సభ్యుని కుమార్తె ఒకామె బీకాం చదివి ఇంటివద్ద కండెలు చుడుతూ సంఘం లెక్కలు చూసేది. ఆ అమ్మాయి సాయంకాలాలు కూర్చొని రెండు నెలలలో పని నేర్చుకున్నది. మొదటి పది రోజులు కన్నీళ్ళే. మెనూలు చాలా ఎక్కువ, ఏది ఎందుకో తెలియదు. నిజానికి మనకు అవసరమయ్యేవి అందులో పదో వంతు కూడా కాదు. ఎనిమిది జీబీ మెమొరీ ఉన్న సాధారణ కంప్యూటరు చాలును. మేము పాతది కొన్నాము. ఆ అమ్మాయికి రోజుకింత అని సంఘం భత్యం ఇచ్చినాము. ఇంటి పిల్లే గదా అని ఊరకే చేయించుకోవటం నాకు నచ్చదు.

మేము చేసిన తప్పులు కూడా చెబుతాను, మీరు చేయకుండా ఉంటారు.

మొదటిసారి మగ్గాలన్నీ ఎక్కించి చూస్తే బెంగళూరులో ఒక్క చుక్కా లేదు. అన్నీ ఉత్తర ధ్రువం వైపు, నార్వే దేశానికి పైన ఉన్న మంచు సముద్రం దగ్గర కనబడినవి. అక్షాంశం గడిలో రేఖాంశం, రేఖాంశం గడిలో అక్షాంశం వేసినాము. పడుగును పేక అనుకున్నట్లు. గుర్తు ఏమంటే, మన దేశపు ప్రధాన భూభాగంలో ఎక్కడైనా అక్షాంశం సుమారు 8కి 37కి మధ్య ఉంటుంది, రేఖాంశం 68కి 97కి మధ్య. చిన్న అంకె అక్షాంశం, పెద్ద అంకె రేఖాంశం. అంకెలలో చుక్క తరువాత ఐదు స్థానాలు వ్రాసుకోండి. నాలుగు స్థానాలంటే పదకొండు మీటర్ల తేడా రావచ్చును, ఐదు స్థానాలకు సుమారు ఒక మీటరు.

అయినా ఫోను చెప్పే చోటు వెలిమైదానంలోనే ఐదు మీటర్లు అటూ ఇటూ ఉంటుంది. మన సందులలో రెండువైపులా మేడలు లేచినవి గనుక ఇంకా తప్పుతుంది. ఒక ముసలాయన మగ్గం ఎదురింటిలో పడినది. ఆ రెండిళ్ళకు మాటలు లేవు. “ఏమప్పా సెక్రటరీ, నా మగ్గం వాళ్ళింట్లో పెడితివే!” అని ఆయన ఆఫీసుకే వచ్చినాడు. మిద్దె ఎక్కి ఒక నిమిషం నిలబడి అంకెలు తీసుకొని, తరువాత ఉపగ్రహ చిత్రంమీద ఇంటి కప్పు చూసి చుక్కను సర్దుకోవలెను. వీధులలో తిరిగి నమోదుచేయటానికి క్యూఫీల్డ్ అనే ఉచిత ఫోను సాధనం ఉన్నది. నెట్టు లేకపోయినా పనిచేస్తుంది. ఇంటికి వచ్చి కంప్యూటరులో కలుపుకోవచ్చును.

మూడవది, తెలుగు పేర్లు. షేప్ ఫైలు అనే పాత పద్ధతిలో దాచితే మా పేర్లన్నీ ప్రశ్నార్థకాలై కూర్చున్నవి. గడి శీర్షికకు పది అక్షరాలకంటె చోటు కూడా లేదు. జియోప్యాకేజ్ అనే పద్ధతిలో దాచితే ఈ బాధ లేదు. ఎవరైనా షేప్ ఫైలే కావాలంటే చివర మార్చి ఇవ్వవచ్చును.

నాలుగవది దూరాలు. దూరం మీటర్లలో సరిగా రావాలంటే పటాన్ని యూటీఎం అనే పద్ధతికి మార్చుకోవలెను. అందులో భూమిని ఆరేసి డిగ్రీల పట్టీలుగా కోసినారు. బెంగళూరు, ధర్మవరం, హిందూపురం, గద్వాల, నారాయణపేట 43వ పట్టీలో ఉన్నవి. పోచంపల్లి, వెంకటగిరి, మంగళగిరి, ఉప్పాడ 44వ పట్టీలో. సభ్యులు రెండు రాష్ట్రాలలో ఉన్న సంఘాలవారు ఇది గుర్తుపెట్టుకోవలెను.

పటానికి క్రింద పరుపుగా వేసే వీధుల పటం ఎక్కడనుండి తేవలెను? 2004లో ఇంగ్లండులో మొదలైన ఓపెన్ స్ట్రీట్ మ్యాప్ ఉచితంగా దొరుకుతుంది. దానిని జనమే గీస్తారు. మన సందు అందులో లేకపోతే మనమే చేర్చవచ్చును, మేము చేర్చినాము. ముద్రించేటప్పుడు వారి పేరు క్రింద వేయటం షరతు. ఇస్రోవారి భువన్‌లో మన దేశపు ఉపగ్రహ చిత్రాలు ఉన్నవి. కర్ణాటకలో సర్వే నంబరు తెలుసుకోవటానికి దిశాంక్ అనే ప్రభుత్వ యాప్ ఉన్నది. అయితే దానిలో చూపిన హద్దును కోర్టులో సాక్ష్యంగా పెట్టలేము. సర్వే ఆఫ్ ఇండియావారి పటాలు 1:50,000 కొలతలో ఉచితంగా దించుకోవచ్చును. ఊరికి, తాలూకాకు అవి మేలు. మన వీధికి పనికిరావు, ఎందుకంటే నూరు మీటర్ల వీధి అందులో రెండు మిల్లీమీటర్లు. వీధి పటానికి 1:1,000 పెట్టుకుంటే నూరు మీటర్లు పది సెంటీమీటర్లవుతుంది.

నీళ్ళ లెక్కకు ఎత్తుపల్లాలు కావలెను. ఉపగ్రహాలు కొలిచిన ఎత్తులు ఉచితంగా దొరికేవి సుమారు ముప్ఫై మీటర్ల గడులలో ఉంటాయి. ఎత్తులో కొన్ని మీటర్ల తప్పు కూడా ఉంటుంది. మోకాలి లోతు నీళ్ళ సంగతి దానితో తేలదు. మేము మేస్త్రీని పిలిచి, నీటి గొట్టం లెవెలుతో ప్రతి గడపకు కాలువ గట్టుకు తేడా కొలిపించి, ఆ అంకెలు పట్టికలో చేర్చినాము. నాలుగు రోజుల కూలి. మొత్తం పనిలో ఇంత ఉపయోగపడిన ఖర్చు మరొకటి లేదు.

పటం గీయటం నేరమా అని కొందరికి భయం. ఆ భయానికి కారణం ఉన్నది. 2016లో ఒక బిల్లు ముసాయిదా బయటికి వచ్చినది. అనుమతి లేని పటాలకు వంద కోట్ల వరకు జరిమానా అన్నారు. అది చట్టం కాలేదు. 2021 ఫిబ్రవరి 15న కేంద్ర ప్రభుత్వం ఇచ్చిన మార్గదర్శకాల ప్రకారం భారతీయులు, భారతీయ సంస్థలు పటాలు తయారుచేయటానికి ముందు అనుమతి అక్కరలేదు. సైనిక స్థావరాల వంటి నిషిద్ధ విషయాలు గుర్తించకూడదు. 2022లో జాతీయ జియోస్పేషియల్ విధానం కూడా వచ్చినది. ఒక్క జాగ్రత్త మాత్రం తప్పనిసరి. పటంలో మూలన చిన్నదిగానైనా భారతదేశం బొమ్మ వేస్తే, సరిహద్దులు సర్వే ఆఫ్ ఇండియావారు ప్రకటించినట్లే ఉండవలెను. 1961 చట్టం ప్రకారం వేరుగా ప్రచురిస్తే ఆరు నెలల వరకు జైలు. విదేశీ పటాలలో కాశ్మీరం దగ్గర గీతలు వేరుగా ఉంటాయి కనుక వాటినుండి దేశం బొమ్మ తీయకండి.

సంఘంలో వచ్చిన వాదన ఇంకొకటి ఉన్నది, దానిని దాచటం మంచిది కాదు. నేత మానివేసిన ఇండ్లలో మగ్గాలు మూలన పడి ఉన్నవి. వాటిని ఏమని గుర్తించవలెను? పని లేదని వ్రాస్తే కార్డు పోతుందేమో, పథకం పోతుందేమో అని వారి దిగులు. ఉన్నదని వ్రాస్తే అబద్ధం. 2009-10 గణనలో దేశంలో చేనేత పనివారు 43.31 లక్షలు, 2019-20 గణనలో 35.22 లక్షలు. ఆ తగ్గినవారిలో మన బంధువులు లేని ఇల్లు ఏది? మూడు సమావేశాలు దీనిమీదనే జరిగినవి. చివరకు ‘మగ్గం ఉన్నది, ప్రస్తుతం నడవటం లేదు’ అని వేరే గుర్తు పెట్టి, ఆ పొరను సంఘం కంప్యూటరులోనే ఉంచవలెనని, దరఖాస్తులతో పంపకూడదని తీర్మానించినాము. నడిచే మగ్గాల లెక్క మాత్రం నిజంగా నడిచేవే. ఇది సరైన పరిష్కారమని అందరూ ఒప్పుకోలేదు. నాకైతే అంతకంటె మంచిది తోచలేదు.

ఇప్పటికీ బయటివారిచేతనే పటం చేయించుకుందామనే సంఘాలు ఉండవచ్చును. తప్పులేదు, కాని డబ్బు ఇచ్చేముందు కాగితంమీద వ్రాయించుకోండి. చేతికి బొమ్మ ఒక్కటే ఇస్తారా, జియోప్యాకేజ్ ఫైళ్ళు కూడా ఇస్తారా? బొమ్మ ఒక్కటే అయితే, రేపు ఒక మగ్గం ఇల్లు మారితే మళ్ళీ డబ్బు కట్టవలసిందే. నేసిన చీర ఇచ్చి డిజైను అట్టలు తనవద్దే ఉంచుకున్నట్లు. చందా ఆపితే మన వివరాలు మనకు తిరిగి వస్తాయా అనికూడా అడగండి. మాకు ధర చెప్పిన ఆయన ఈ రెండు ప్రశ్నలకు సూటిగా జవాబివ్వలేదు.

భౌగోళిక గుర్తింపు కోరే ప్రాంతాలవారు ఇంకా శ్రద్ధ తీసుకోవలెను. 1999 చట్టం ప్రకారం ఆ దరఖాస్తుతో, సరుకు పుట్టే ప్రాంతపు పటం జతచేయవలెను. పోచంపల్లి ఇక్కత్‌కు, మొళకాల్మూరు చీరకు ఉన్న గుర్తింపు ఇట్లా దరఖాస్తు పెట్టుకొని తెచ్చుకున్నదే. పటంలో గీసిన హద్దుకు వెలుపల పడిన ఊరివాడు రేపు ఆ పేరుతో చీర అమ్ముకోలేడు. కాబట్టి ఆ గీత ఎక్కడ వేయవలెనో తీర్మానం చేసేముందు మన ఊళ్ళన్నీ అందులో ఉన్నవో లేవో మనమే పటంమీద పెట్టి చూసుకోవలెను.

మా పటం పూర్తి అయినాక తెలిసినది ఇది. కాలువకు ముప్ఫై మీటర్ల లోపల పదిహేడు గుంట మగ్గాలు ఉన్నవి. అందులో పదకొండింటి గడప కాలువ గట్టుకంటె పల్లం. ఇన్నాళ్ళూ ఎక్కువ ప్రమాదం ముందు వీధివారికే అనుకున్నాము, అక్కడ నీళ్ళు కంటికి కనబడతాయి గనుక. పటం చూస్తే వెనుక సందులోని ఆరు ఇండ్లే అన్నింటికంటె పల్లంలో ఉన్నవి. అందులో ఇద్దరు విధవరాండ్రు, ఎన్నడూ సభలో నోరు విప్పి అడగనివారు. నిధిలో ఉన్నంతలో ఆ ఆరు గుంటల చుట్టూ మొదట ఇటుక కట్ట వేయించినాము. మిగిలిన అయిదింటికి ఈ ఏడు లాభాలలోనుండి తీయవలెనని పాలకవర్గం నిర్ణయించినది. ఫ్రేము మగ్గానికి మారటానికి ఇద్దరు ఒప్పుకున్నారు, ఒకరు ససేమిరా అన్నారు.

పరిహారం దరఖాస్తు పటంతో సహా మళ్ళీ పెట్టినాము. ఈసారి తిరిగి రాలేదు, జవాబూ రాలేదు. పటాన్ని పెద్ద కాగితంమీద ముద్రించి, ప్లాస్టిక్ పొర వేయించి సంఘం గోడకు తగిలించినాము. దానిమీద పేర్లు లేవు, సభ్యత్వ నంబర్లే. అయినా వచ్చినవారందరూ మొదట వెదికేది తమ చుక్కనే.